నమ్మకం ఎంత బరువు మోస్తుంది?

ఇందూరు (నిజామాబాద్) జిల్లాలో వ్యక్తిత్వ వికాసం మీద ఎవరు మైకు పట్టుకున్నా రెండు పేర్లు వచ్చి తీరతాయి. ఒకటి మాలావత్ పూర్ణ, రెండోది నిఖత్ జరీన్. ఒకరు ఎవరెస్టు ఎక్కారు, ఇంకొకరు బాక్సింగులో ప్రపంచ విజేత అయ్యారు. ఆ వెంటనే వచ్చే మాట కూడా శ్రోతలకు ముందే తెలుసు: వాళ్ళు నమ్మారు, సాధించారు, మీరూ నమ్మండి. చప్పట్లు. ఇదే జిల్లా డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది, పోలీసు ఏడో బెటాలియన్ ఉంది. గ్రూప్స్‌కు చదివేవాళ్ళూ, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లారకముందే లేచి పరుగెత్తేవాళ్ళూ ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతోమంది. ఈ ఉపన్యాసం వాళ్ళకు ఊరికేనూ దొరుకుతుంది, ఫీజు కట్టినా దొరుకుతుంది.

అందులో చెప్పేదంతా అబద్ధమని అనను. నమ్మకం మనిషి పనితీరును మారుస్తుందని చూపించిన గట్టి ప్రయోగాలు ఉన్నాయి. ఎంత మారుస్తుందన్న లెక్క మాత్రం మైకు ముందు ఎవరూ తీయరు. ఆ నమ్మకం ఎక్కడ పుడుతుందన్న సంగతి అసలే ఎత్తరు. అదేదో మనిషి లోపలినుంచి ఊరే నీరు అన్నట్టు, లేనివాడు తవ్వుకోకపోవడం వల్లే లేనట్టు మాట్లాడతారు. పూర్ణ కథను మొదటినుంచి చివరిదాకా చూస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది.

ఆమెది సిరికొండ మండలం పాకాల. వ్యవసాయ కూలి మీద బతికే లంబాడా కుటుంబం. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. 2014 మే 25న శిఖరం మీద కాలు పెట్టేనాటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి ఇంకా ఎనిమిది రోజులుంది. వెంట ఖమ్మం జిల్లానుంచి వచ్చిన మరో గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ ఉన్నాడు. నేపాల్ వైపునుంచి ఎక్కాలంటే 16 ఏళ్లు నిండాలి. అందుకని వీళ్ళు టిబెట్ వైపు దారి పట్టారు.

ఉపన్యాసాల్లో కథ ఇక్కడ మొదలై ఇక్కడే ముగుస్తుంది. అసలు కథ భువనగిరి గుట్ట దగ్గర మొదలైంది. గురుకులాల కార్యదర్శిగా వచ్చిన ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పిల్లలకు పర్వతారోహణ నేర్పించాలనుకున్నారు. పర్వతారోహకుడు శేఖర్‌బాబు బచినేపల్లి శిక్షకుడయ్యారు. వేర్వేరు గురుకులాలనుంచి వందమందికి పైగా పిల్లల్ని తీసుకొచ్చి ఆ ఏకశిల మీద తాడు పట్టుకుని ఎక్కడం నేర్పారు. వాళ్ళలో కొందరిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. అక్కడ రెనాక్ శిఖరం ఎక్కారు. ఇంకా కొద్దిమంది లద్దాఖ్ చలిలో తర్ఫీదు పొందారు. వడపోతలన్నీ అయ్యాక మిగిలింది ఇద్దరు.

భువనగిరి గుట్టను మొదట చూసినప్పుడు కాళ్ళు వణికాయని పూర్ణే తర్వాతి రోజుల్లో చెప్పుకుంది. ఈ మాట నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. నమ్మకం ముందు పుట్టి ఆమెను గుట్ట ఎక్కించలేదు. వణుకుతూనే ఎక్కింది, ఎక్కాక ధీమా వచ్చింది. ఆ ధీమా రెనాక్‌కు సరిపోయింది. రెనాక్ ఇచ్చింది లద్దాఖ్‌కు పనికొచ్చింది.

మనస్తత్వ శాస్త్రంలో ఈ వరస మీద బాగా పని చేసినవాడు స్టాన్‌ఫర్డ్‌ ప్రొఫెసర్ ఆల్బర్ట్ బందూరా. 1977లో ఆయన, సహచరులు పాములంటే తీవ్రంగా భయపడేవాళ్ళతో ఒక ప్రయోగం చేశారు. కొందరు తామే శిక్షకుడి పక్కన నిలబడి కొండచిలువను మెల్లమెల్లగా తాకడం, ఎత్తడం, ఒళ్ళో పెట్టుకోవడం దాకా వెళ్ళారు. ఇంకొందరు శిక్షకుడు చేస్తుంటే చూశారు. మిగిలినవాళ్ళకు ఏ శిక్షణా లేదు. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి, ఇదుగో ఈ పనుల్లో ఏవేవి చేయగలవని అడిగి, ఆపైన నిజంగా చేయించి చూశారు. చేతులతో తాకినవాళ్ళ ధీమా అందరికన్నా ఎక్కువ పెరిగింది. చూసినవాళ్ళలో కొంత పెరిగింది. మూడో గుంపులో దాదాపు మార్పు లేదు. ఒక్కొక్కరు ఏం చేయగలమని చెప్పారో అదే చాలా మటుకు చేసి చూపించారు కూడా.

ఈ ధీమాకు నాలుగు ఊటలున్నాయని బందూరా అన్నాడు: తాను స్వయంగా నెగ్గిన అనుభవం, తనలాంటివాళ్ళు నెగ్గడం చూడటం, నమ్మదగ్గ మనిషి చెప్పే మాట, ఆ సమయంలో గుండెదడ, చెమటల్లాంటి శరీర లక్షణాలను మనం అర్థం చేసుకునే తీరు. వీటిలో బలమైనది మొదటిదే. ఒట్టి మాటతో వచ్చిన ధీమా మొదటి దెబ్బకే చెదిరిపోతుందని కూడా ఆయన హెచ్చరించాడు. మన వ్యక్తిత్వ వికాస సభ మొత్తం నడిచేది మూడో ఊట మీద. గురుకులం వాళ్ళు పెట్టుబడి పెట్టింది మొదటి రెండింటి మీద. తాడు, బూట్లు, రైలు టిక్కెట్లు, నెలల తరబడి తిండి, పక్కనే ఎక్కుతున్న తోటి పిల్ల.

మరి ఆ వందమందిలో మిగతావాళ్ళ మాటేమిటి? వాళ్ళకు నమ్మకం తక్కువైందని ఎవరు చెప్పగలరు? నెగ్గినవాళ్ళను మాత్రమే వేదిక మీద కూర్చోబెట్టి వాళ్ళలో ఉన్న లక్షణాన్ని విజయ కారణమని తేల్చడం లెక్కల్లో పెద్ద పొరపాటు. అదే లక్షణం ఓడినవాళ్ళలోనూ అంతే ఉందేమో చూడాలి కదా. వాళ్ళను ఎవరూ సభకు పిలవరు.

ఇక శరీరం సంగతి. తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో మగవాళ్ళు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్ళు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. డిచ్‌పల్లి పక్క ఊళ్ళ కుర్రవాళ్ళకు ఈ అంకెలు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆఖరి రౌండులో కాళ్ళు ఇక సాగవనిపిస్తుంది. ఆ అలసట కండరాల్లో ఉందా, తలలో ఉందా?

అప్పట్లో బ్రిటన్‌లో పనిచేస్తున్న ఇటలీ శాస్త్రవేత్త సామ్యుయేల్ మార్కోరా 2009లో 16 మందితో దీన్ని పరీక్షించాడు. ఒకరోజు వాళ్ళచేత 90 నిమిషాలు మెదడుకు విసుగెత్తించే కంప్యూటరు పని చేయించి, తర్వాత సైకిలు ఎక్కించి ఓపిక ఉన్నంతసేపు తొక్కమన్నాడు. ఇంకో రోజు 90 నిమిషాలు డాక్యుమెంటరీ సినిమాలు చూపించి ఎక్కించాడు. మెదడు అలసిన రోజు సగటున 640 సెకన్లకు వదిలేశారు. సినిమా చూసిన రోజు 754 సెకన్లు తొక్కారు. గుండె, ఊపిరి, రక్తంలోని లాక్టేటు కొలతలు చూస్తే ఈ తేడాకు కారణమయ్యేంత మార్పు ఏదీ లేదు. మారింది ఒక్కటే: ఎంత కష్టంగా ఉందని అడిగినప్పుడు వాళ్ళు ఇచ్చిన జవాబు. మెదడు అలసిన రోజు అదే తొక్కుడు మొదటినుంచీ బరువుగా తోచింది. మనిషి ఆగిపోయేది కండరం చచ్చుబడినప్పుడని అనుకుంటాం. చాలాసార్లు అంతకు ముందే, ఇక చాలనిపించినప్పుడే ఆగిపోతున్నాడు.

ఆ 'ఇక చాలు' అన్నదాన్ని నమ్మకం కాస్త అవతలికి జరపగలదు. 2006లో క్రిస్ బీడీ అనే పరిశోధకుడు బాగా తర్ఫీదైన ఆరుగురు సైక్లిస్టులకు కెఫీన్ ఇస్తున్నామని చెప్పి ఉత్తుత్తి గుళికలు ఇచ్చాడు. ఎక్కువ మోతాదు మింగామనుకున్న రోజు వాళ్ళ బలం మామూలుకన్నా 3.1 శాతం పెరిగింది. తక్కువ మోతాదనుకున్న రోజు 1.3 శాతం పెరిగింది. ఉత్తుత్తిది మింగామనుకున్న రోజు 1.4 శాతం తగ్గింది. మూడు రోజులూ మింగింది ఒకటే. ఆరుగురితో చేసిన ప్రయోగం చిన్నదే, కానీ క్రీడల్లో ఇలాంటి ఫలితాలు తర్వాత కూడా చాలా వచ్చాయి. అంకె ఎప్పుడూ ఆ చుట్టుపక్కలే, ఒకటి నుంచి కొద్ది శాతాల మధ్య తిరుగుతుంది.

చిన్న అంకెను చిన్నచూపు చూడనక్కర్లేదు. 7 నిమిషాల 15 సెకన్లంటే 435 సెకన్లు. అందులో ఒక్క శాతం నాలుగు సెకన్ల పైమాటే. ఉద్యోగం వచ్చినవాడికీ రానివాడికీ మధ్య అంత దూరం కూడా ఉండకపోవచ్చు. కానీ తొమ్మిది నిమిషాలు పట్టేవాడిని ఏ ఉపన్యాసమూ ఏడుంపావుకు లాక్కురాలేదు. దానికి కొన్ని నెలల పరుగు కావాలి, గుడ్లూ పాలూ కావాలి, మోకాలి నొప్పి వస్తే చూపించుకునే చోటు కావాలి.

రోజర్ బానిస్టర్ కథ ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అది కూడా సభల్లో నలిగిపోయిన కథే. మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు పరుగెత్తడం అసాధ్యమని లోకం నమ్మిందట. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో బానిస్టర్ 3 నిమిషాల 59.4 సెకన్లలో పూర్తి చేయగానే మనసులోని గోడ కూలిందట, ఆ ఏడాదే డజన్లకొద్దీ మంది ఆ గీత దాటేశారట. నిజానికి 1954లో నాలుగు నిమిషాల లోపు పరుగెత్తినవాళ్ళు ఇద్దరే, బానిస్టరూ ఆస్ట్రేలియాకు చెందిన జాన్ లాండీ. 46 రోజుల తర్వాత ఫిన్లండ్‌లోని తుర్కులో లాండీ 3 నిమిషాల 57.9 సెకన్లు చేశాడు. అతను అంతకుముందే ఎన్నోసార్లు నాలుగు నిమిషాల రెండు సెకన్ల దగ్గరికి వచ్చినవాడు. స్వీడన్‌కు చెందిన గుండెర్ హేగ్ 1945లోనే 4 నిమిషాల 1.4 సెకన్లు నమోదు చేశాడు. అంటే గీత దగ్గరికి కాళ్ళు ముందే చేరాయి. వైద్య విద్యార్థి అయిన బానిస్టర్ తన ఊపిరి మీద తానే పరీక్షలు చేసుకున్నాడు. ఆ రోజు ముందు పరుగెత్తి వేగం పట్టి ఉంచడానికి బ్రాషర్, చాటవే అనే ఇద్దరు మిత్రుల్ని పెట్టుకున్నాడు. లాండీకి ఆ వార్త ఊతమిచ్చి ఉండొచ్చు. తుర్కులో చాటవే స్వయంగా అతని వెనకే పరుగెత్తడం మరింత ఊతమిచ్చి ఉండొచ్చు.

శరీరంలో నమ్మకానికి చెవి ఒగ్గే భాగాలున్నాయి, ఒగ్గనివీ ఉన్నాయి. నొప్పి వింటుంది. 1978లో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే ముగ్గురు పన్ను పీకించుకున్నవాళ్ళకు ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. కొందరికి నొప్పి తగ్గింది. నల్లమందు జాతి రసాయనాల పనిని అడ్డుకునే నాలొక్సోన్ అనే మందు ఎక్కించగానే ఆ ఉపశమనం పోయింది. నమ్మకం వల్ల మెదడు తన సొంత నొప్పిమందును నిజంగానే వదిలిందని అప్పుడు అర్థమైంది. అలసట వింటుంది, భయం వింటుంది. రక్తంలోని ఆక్సిజన్ మాత్రం వినదు. 2007లో ఎవరెస్టు మీద 8400 మీటర్ల ఎత్తులో నలుగురు వైద్య ఆరోహకుల ధమనుల్లోంచి రక్తం తీసి కొలిస్తే ఆక్సిజన్ పీడనం పాదరస మానంలో సగటున 24.6 మిల్లీమీటర్లు వచ్చింది. సముద్ర మట్టంలో ఆరోగ్యవంతుడికి ఇది 90 పైన ఉంటుంది. అక్కడ నిలబడాలంటే శరీరం వారాల తరబడి ఎర్రకణాలు పెంచుకుంటూ, ఊపిరి వేగం మార్చుకుంటూ అలవాటు పడాలి. పూర్ణ బృందానికైనా అంతే.

డిచ్‌పల్లికి ఈ సంగతి వందేళ్ల కిందటే అనుభవం. స్కాట్లండ్‌నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో ఇక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి తెరిచారు. రాజా నర్సాగౌడ్ విరాళం దానికి అండగా నిలిచింది. అప్పటిదాకా ఈ జబ్బంటే పాపఫలమనీ, పోయేది కాదనీ నమ్మకం. మచ్చ కనపడితే దాచుకునేవాళ్ళు. వేళ్ళు వంకరపోయి, దాచడం కుదరనప్పుడు ఊరు వదిలేవాళ్ళు. ఆ రోజుల్లో దేశంలో వాడుకలోకి వచ్చిన హిడ్నోకార్పస్ గింజల నూనె ఇంజెక్షన్లు ఇక్కడా ఇచ్చారు. సూది బాగా నొప్పి పెట్టేది. అయినా మందు ఉందన్న మాట పాకడమే పెద్ద సంగతి. తగ్గుతుందన్న ఆశ లేని జబ్బుకు ఆసుపత్రి గడప ఎవరు తొక్కుతారు? ఆశ రోగుల్ని గుమ్మం దాకా తెచ్చింది, వారం వారం సూది కోసం నిలబెట్టింది. పుండ్లకు కట్లు, కడుపుకు తిండి, చేయడానికి పని అక్కడ దొరికాయి. సూక్ష్మజీవిని ఆ నూనె ఏమేరకు కదిలించిందన్నది మాత్రం చివరిదాకా సందేహమే. దాన్ని గట్టిగా దెబ్బకొట్టింది 1940ల తర్వాత వచ్చిన డాప్సోన్. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో జబ్బు నయం కావడం మామూలు సంగతైంది. 1873లో హాన్సన్ కనిపెట్టిన ఆ సూక్ష్మజీవికి రోగి ఏం నమ్ముతున్నాడన్నది పట్టదు. రోగి కాళ్ళకు పడుతుంది, అవి ఆసుపత్రి వైపు నడుస్తాయా, ఊరి బయటికి నడుస్తాయా అన్నంతవరకు.

ఇప్పుడు అసలు గట్టి ముడి దగ్గరికి వద్దాం. ఒక మనిషికి తన మీద తనకున్న అంచనాలో ఎదుటివాళ్ళ అంచనా పాలెంత? కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలతో ఒక పరీక్ష పెట్టారు. అగ్రకులాల పిల్లలు 321 మంది, దళిత పిల్లలు 321 మంది. కాగితం మీద గళ్ళ చిక్కుదారులు ఇచ్చి, లోపలినుంచి బయటికి గీత గీయమన్నారు. ఎన్ని విప్పితే అన్ని రూపాయలు. పిల్లల కులం ఎవరూ ఎత్తని గదుల్లో రెండు వర్గాల ఫలితాల మధ్య తేడా కనపడలేదు. ఇంకొన్ని గదుల్లో ఆరుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, మొదలుపెట్టేముందు ఒక్కొక్కరి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం పైకి చదివారు. అంతే. దళిత పిల్లలు విప్పిన చిక్కుల సంఖ్య దాదాపు ఐదో వంతు పడిపోయింది.

అలాంటి పిల్లలే, అవే కాగితాలు. పక్క గదిలో కనిపించిన తెలివి ఇక్కడ ఎక్కడికి పోయింది? వాళ్ళ మనసులో న్యూనత ఉందనడం తేలికైన జవాబు. పరిశోధకులు ఇంకో మెలిక పెట్టి చూశారు. నీ మీద నువ్వే పందెం కాస్తావా అని పిల్లల్ని అడిగారు. గెలుపోటములు తేల్చడంలో పెద్దమనిషి ఇష్టాయిష్టాలకు చోటు లేనప్పుడు దళిత పిల్లలు మిగతావాళ్ళలాగే కాశారు. తీర్పు పెద్దమనిషి చేతిలో ఉండి, కులం అతనికి తెలిసినప్పుడు వెనక్కి తగ్గారు. దీన్ని ఆత్మవిశ్వాస లోపమంటే నేనొప్పుకోను. తీర్పరి ఎలా తీరుస్తాడో పదకొండేళ్ల పిల్లవాడికి ఊరు ముందే నేర్పింది. వాడు తన అనుభవాన్ని లెక్కలోకి తీసుకున్నాడు.

గురుకులాల్లో పిల్లలకు ప్రతిజ్ఞ చేయించారు, నేను ఎవరికన్నా తక్కువ కాదన్న భావంతో అది మొదలవుతుంది. పిల్లలు తమను తాము 'స్వేరోలు' అనే కొత్త పేరుతో పిలుచుకున్నారు. బయటివాళ్ళకు ఇది నినాదాల తంతులా కనిపించొచ్చు. హాఫ్, పాండేల గదిని గుర్తు పెట్టుకుంటే ఆ తంతు పని అర్థమవుతుంది. గదిలో కులం పైకి చదివే చోట వేరే పేరు చదివారు. దానితో పాటు గుట్టెక్కించారు కనుక అది నిలిచింది.

ఇక్కడ జాగ్రత్త కూడా అవసరం. ఇలాంటి ఫలితాలన్నీ ఒకేలా గట్టివి కావు. ఆడపిల్లలకు లెక్కలు రావన్న మాట గుర్తు చేస్తే వాళ్ళ మార్కులు పడిపోతాయని చాలాకాలం చెప్పుకున్నారు. నెదర్లాండ్స్‌లో రెండు వేలకు పైగా పిల్లలతో 2018లో పకడ్బందీగా పరీక్షిస్తే ఆ ప్రభావం కనిపించలేదు. గురువు అంచనా శిష్యుణ్ణి మారుస్తుందన్న రోసెంతాల్ ప్రసిద్ధ ప్రయోగంలో కూడా పెరుగుదల ఎక్కువగా ఒకటి, రెండు తరగతుల చిన్నపిల్లల్లోనే కనిపించింది. తర్వాతి అధ్యయనాల్లో ఆ ప్రభావం ఉన్నా చిన్నదే. తెలివి పెరిగేదని నమ్మే పిల్లలు బాగా చదువుతారన్న కరోల్ డ్వెక్ సిద్ధాంతాన్ని అమెరికాలో 65 బడుల్లోని సుమారు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లల మీద పరీక్షించి 2019లో ఫలితాలు ప్రకటించారు. గంట కూడా పట్టని పాఠం. వెనకబడిన పిల్లల సగటు గ్రేడు నాలుగింట 0.1 మేర పెరిగింది. అంత కారుచౌక పాఠానికి అది మంచి ఫలితమే. అదీ తోటి పిల్లలు కష్టమైన లెక్కలకు వెనకాడని బడుల్లోనే బాగా పనిచేసింది.

నిఖత్ జరీన్ కథలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆమె అడిగి చేయించుకున్న ఒక పోటీ. నిజామాబాద్ కలెక్టరేట్ మైదానంలో పరుగుతో మొదలుపెట్టిన పిల్ల, బాక్సింగులో ఆడపిల్లలు ఎందుకు లేరని తండ్రి జమీల్ అహ్మద్‌ను అడిగిందట. శంసముద్దీన్ దగ్గర నేర్చుకుంది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజం గాయంతో చాలాకాలం రింగుకు దూరమైంది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీకోమ్‌ను నేరుగా పంపే మాట వినిపించినప్పుడు, అందరికీ సమానంగా ట్రయల్ పెట్టమని క్రీడామంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. డిసెంబరులో ట్రయల్ జరిగింది. 9–1 తేడాతో ఓడింది.

తన మీద తనకు నమ్మకముందని నిఖత్ లేఖ రాయలేదు. పోటీ పెట్టమని రాసింది. ఓడాక ఎక్కడ ఎంత వెనకబడి ఉందో కచ్చితంగా తెలిసింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లండ్‌కు చెందిన జిత్‌పాంగ్ జుతమాస్‌ను 5–0తో ఓడించి ప్రపంచ టైటిల్ గెలిచింది. మరుసటి ఏడాది ఢిల్లీలో ఇంకోటి. 2024 పారిస్‌లో రెండో పోటీలోనే చైనాకు చెందిన వూ యూ చేతిలో 0–5తో ఓడిపోయింది. ఆమెకు సీడింగు లేదు కనుక అంత బలమైన ప్రత్యర్థి అంత ముందే ఎదురైంది. వూ యూ ఆ బరువులో బంగారు పతకం తీసుకెళ్ళింది. ఇస్తాంబుల్‌లో ఉన్న నమ్మకం పారిస్‌లో తగ్గిందనడానికి ఏ ఆధారమూ లేదు. అవతలి మనిషి ఆ రోజు మెరుగ్గా ఆడింది. నమ్మకం మీద మొత్తం భారం మోపినవాళ్ళు ఓటమి వచ్చినప్పుడు ఆ భారాన్ని ఓడినవాళ్ళ నెత్తినే పెట్టాల్సి వస్తుంది. నువ్వు సరిగ్గా నమ్మలేదు, అందుకే ఓడావు అని. ఈ శాస్త్రాన్ని తప్పుగా వాడటంలో నాకు అన్నిటికన్నా క్రూరంగా తోచేది ఇదే.

చెరకు రైతుల సంగతితో ముగిస్తాను, బోధన్ కూడా ఈ జిల్లాదే కనుక. బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్ళు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది, 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి ఆపేశారు. చెరకు వేసినవాడి ఏడాది ఎలా నడుస్తుందో ఇక్కడ అందరికీ తెలుసు. డబ్బు ఏడాదికి ఒక్కసారే వస్తుంది, అదీ ఫ్యాక్టరీ కటింగ్ ఆర్డర్ ఇచ్చినప్పుడు నరికి, తోలి, బిల్లు చేతికి వచ్చాక. దానికి ముందు నెలలు అప్పు మీద గడుస్తాయి.

ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షాఫిర్, జియాయింగ్ ఝావో అనే పరిశోధకులు సరిగ్గా ఇలాంటి రైతుల్నే ఎంచుకున్నారు, తమిళనాడులోని విళుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లో. 54 ఊళ్ళలో 464 మంది చెరకు రైతులు. ఒక్కొక్కరికీ కోతకు ముందు ఒకసారి, కోత అయ్యాక ఒకసారి తెలివిని కొలిచే బొమ్మల పజిళ్ళు ఇచ్చారు. కోతకు ముందు నూటికి 78 మంది ఇంట్లో ఏదో ఒకటి కుదువ పెట్టి ఉన్నారు. కోత తర్వాత అలాంటివాళ్ళు నూటికి నలుగురు. అదే మనిషి, బిల్లు వచ్చాక, పజిళ్ళలో సుమారు పావు వంతు ఎక్కువ సరైన జవాబులు ఇచ్చాడు. కోత వరస ఫ్యాక్టరీ నిర్ణయిస్తుంది కాబట్టి ఒకే నెలలో కొందరికి డబ్బు చేతికొచ్చింది, కొందరికి రాలేదు. అందువల్ల ఎండో వానో పండగో కారణమనడానికి వీల్లేకుండా పోయింది. రెండోసారి కనుక అలవాటైందేమో అన్న అనుమానం తీరడానికి కొత్తగా వందమందిని కోత తర్వాతే మొదటిసారి పరీక్షించారు, ఫలితం అలాగే వచ్చింది. 2013లో ఇది 'సైన్స్' పత్రికలో అచ్చయింది. లెక్కలు కట్టిన పద్ధతి మీద కొందరు పరిశోధకులు అభ్యంతరాలు రాశారు, రచయితలు జవాబిచ్చారు.

అప్పు తలలో తిరుగుతుంటే మిగతా ఆలోచనకు చోటు ఇరుకవుతుందని రచయితల వివరణ. మార్కోరా సైక్లిస్టుల 90 నిమిషాల కంప్యూటరు పని ఇక్కడ నెలల తరబడి సాగుతుంది. ఆ నెలల్లో రైతు తీసుకునే నిర్ణయాలు, ఏ మందు కొట్టాలి, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తేవాలి, పిల్లను ఏ కాలేజీలో చేర్చాలి, అన్నీ ఆ ఇరుకులోంచే వస్తాయి. బయటినుంచి చూసేవాడికి మనిషి మందకొడిగా, ముందుచూపు లేనివాడిగా కనపడతాడు. అతని 'మైండ్‌సెట్' మారాలంటారు.

రెండు పరీక్షల మధ్య ఆ 464 మందికి పరిశోధకులు ఏ వ్యక్తిత్వ వికాస తరగతీ పెట్టలేదు. చెరకు నరికారు, బిల్లు వచ్చింది, కుదువ పెట్టినవి విడిపించుకున్నారు.